హత్తా కొండలలో ఒక ఊరి క్లబ్బు

దుబాయి నగరమునుండి తూర్పుగా దాదాపు 130 కిలోమీటర్లు ప్రయాణము చేసి, ఎఱ్ఱని ఇసుకతిన్నెలు వెనుకబడి, చెట్టుచేమలు లేని హజర్ పర్వతశ్రేణి ఇరుప్రక్కల లేచి నిలుచునంతవఱకు పోయిన పిమ్మట కనబడు హత్తా అను గ్రామము, పరిపాలనరీత్యా దుబాయి ఎమిరేటునకే చెందినదైనను, నడుమ ఒమాన్ దేశపు నేలయు ఇతర ఎమిరేటుల నేలయు అడ్డుపడుటచే, మాతృనగరముతో సరిహద్దు కలియక వేఱుగానే నిలిచియున్నది. ఆకాశహర్మ్యములకు, అంగళ్లకు అలవాటుపడిన మన తెలుగువారిలో పెక్కుమంది సెలవునాడు ఇచ్చటికి వచ్చి, ఆనకట్ట వెనుకనున్న నీలిజలములలో పడవ షికారు చేసి, చిత్రములు తీసికొని మఱలిపోవుదురు. ఆ గ్రామమున ఒక ఫుట్‌బాల్ క్లబ్బు కలదనియు, నాలుగు దశాబ్దములకు పైబడిన దాని చరిత్ర ఈ దేశచరిత్రలో ఒక అందమైన పుట అనియు వారిలో కొలదిమందికే తెలియును. ఈ ప్రత్యేక సంచికలో ఆ క్లబ్బును గూర్చి నాలుగు మాటలు వ్రాయుట ఉచితమని తోచినది.

హత్తా పూర్వచరిత్ర సామాన్యమైనది కాదు. 1780 నాటి జుమా మసీదును, 1880 దశాబ్దమున కట్టిన రెండు కావలి బురుజులును, 1896లో వెలసిన కోటయు నేటికిని నిలిచియున్నవి. ఈ భూమి తొలుత ఒమాన్ సుల్తానుల యేలుబడిలో ఉండి, 19వ శతాబ్దమున దుబాయి పాలకుల చేతికి వచ్చినది. కొండల అడుగున దొరకు నీటిని సన్నని కాలువలద్వారా ఖర్జూరవనములకు నడపు ‘ఫలజ్’ అను ప్రాచీన పద్ధతి ఈ పర్వతగ్రామముల కన్నింటికిని ప్రాణాధారమై యుండెను. ఆ నీరు ఏ ఒక్కనిదియు కాదు. ఎవరి తోటకు ఎంతసేపు పాఱవలెనో పెద్దలు కూర్చుండి వంతులు నిర్ణయించెడివారు. మన పల్లెలలో చెఱువుక్రింద నీరటివాడు మడిమడికి వంతు చొప్పున నీరు వదలినట్లే ఇచ్చటను జరిగెడిది. ఉమ్మడి సొత్తును ఉమ్మడిగా కాపాడుకొనుట ఈ ఊరివారికి తరతరములనుండి అలవడిన విద్య. క్లబ్బును గూర్చి చెప్పబోవుచు నీటికాలువ ప్రసంగము తెచ్చుటకు కారణమిదియే.

సముద్రతీరమున ఫుట్‌బాల్ క్రీడ ముందుగనే వేళ్లూనినది. దుబాయిలోని అల్ నసర్ క్లబ్బు 1945 నాటిది. దేశమున నేడున్న క్లబ్బులలో అదియే ప్రాచీనతమము. 1971లో ఐక్య అరబ్ ఎమిరేటుల సమాఖ్య ఏర్పడినది. ఆ సంవత్సరముననే ఫుట్‌బాల్ సంఘమును వెలసినది. 1973లో లీగు పోటీ మొదలైనది. పెట్రోలు సంపద రహదారులుగను, పాఠశాలలుగను, వైద్యశాలలుగను మాఱి కొండలలోనికి ప్రవేశించిన ఆ తొలి దశాబ్దముననే, ప్రతి పట్టణమునకును, పెద్ద గ్రామమునకును ఒక క్రీడాసంస్థ యుండవలెనను భావము బలపడెను. హత్తా క్లబ్బు 1981లో స్థాపితమైనది. ఈ దేశమున ‘నాది’ అని వ్యవహరించు ఇట్టి సంస్థ ఆటగాండ్ర జట్టు మాత్రమే కాదు. బాలురకు వయస్సునుబట్టి వేర్వేఱు జట్లు, శిక్షకులు, ఇతర క్రీడలు, సాయంకాలము పెద్దలు కలిసికొను చావడి, ఇవన్నియు దానిలో భాగములు. పోషణభారము ప్రధానముగా ప్రభుత్వముది. దుబాయి ఎమిరేటున 2005లో ఏర్పడిన క్రీడామండలి ఈ క్లబ్బుల బాగోగులు చూచుచున్నది. హత్తా ఆటస్థలమునకు దుబాయి రాజకుటుంబీకులును, చిరకాలము దేశ ఆర్థికమంత్రిగా నుండి 2021 మార్చిలో దివంగతులైన షేక్ హమ్దాన్ బిన్ రాషిద్ వారి పేరు పెట్టిరి.

లీగులోని పద్ధతి కఠినమైనది. అగ్రశ్రేణిలో క్రిందుగా నిలిచిన జట్లు మఱుసటి యేడు దిగువ తరగతికి పోవలెను. దిగువ తరగతిలో ముందు నిలిచినవి పైకి వచ్చును. ఆ దిగువ తరగతికి పేరు ప్రథమ విభాగము; వరుసలో మాత్రము రెండవది. అగ్రశ్రేణిలో అల్ అయిన్, అల్ వహ్దా, అల్ జజీరా మొదలగు మహానగర సంస్థలు లక్షల దిర్హములు వెచ్చించి విదేశీ క్రీడాకారులను రప్పించుకొనుచుండగా, ఒక కొండపల్లె వారితో సమముగా నిలుచుట అసాధ్యమనియే ఎవరైనను తలతురు. హత్తా క్లబ్బు ఆ అసాధ్యమును పలుమాఱులు సాధించినది. ఎల్లకాలము నిలువలేదు, నిజమే. కాని దాని చరిత్రలోని ఔన్నత్యమంతయు మఱల మఱల లేచుటలోనే యున్నది. 2016లో ఆ జట్టు అగ్రశ్రేణికెక్కినది. ఆ సంవత్సరాంతముననే హత్తా సమగ్రాభివృద్ధికై 130 కోట్ల దిర్హముల ప్రణాళికను ప్రభుత్వము ప్రకటించుట ఆ ఊరికి రెండవ పండుగ. రెండేండ్లు పెద్దలతో పోరి 2018లో దిగిపోయినది. మఱుసటి యేడే, 2019లో, ఖోర్ ఫక్కాన్ జట్టుతో కూడ తిరిగి పైకి వచ్చినది. 2020లో మహమ్మారి కారణముగా ఆ సంవత్సరపు పోటీలు అర్ధాంతరముగా రద్దై, ఛాంపియను లేక, పతనము లేక, అందఱును ఉన్నచోటనే నిలిచిరి. 2021లో మఱల దిగుట, 2023లో మఱల ఎక్కుట, 2024లో మఱల దిగుట. ఈ సంవత్సరములను వరుసగా చదివినవారికి ఇది ఓటమిపట్టికగా తోచునేమో. నాకు మాత్రము ఇట్టి పట్టుదల అరుదని తోచుచున్నది. ఎనిమిదేండ్లలో మూడుమాఱులు పెద్దల పంక్తికి నడచివచ్చిన పల్లెజట్టు ఎన్ని దేశములలో కనబడును? పత్రికలవారు దానిని సుడిగాలి యని పిలుచుట సార్థకమే.

2021 సంవత్సరమును గూర్చి ఒక్కమాట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. క్లబ్బునకు నలుబదియేండ్లు నిండిన యేడది. జట్టు క్రింది తరగతికి జారిన యేడు. ఆ డిసెంబరు 2వ తేదీనాడే సమాఖ్య స్వర్ణోత్సవము జరిగినది. ఆ మహోత్సవ ప్రధానవేదికగా దేశమంతటను ఎన్నుకొన్నది అబూదాబి కాదు, దుబాయి కాదు. ఈ హత్తా కొండల నడుమనున్న జలాశయమును. దేశపాలకులు ఆ పల్లెకు తరలివచ్చిరి. నేడు ఆ జలాశయమును ఆధారము చేసికొని 250 మెగావాట్ల విద్యుదుత్పత్తికి పూనుకొనిరి.

ఇచ్చటి ఆటను చూడగోరువారు దిగువ తరగతి పోటీ జరుగు ఒక శీతకాలపు సాయంకాలమున రావలెను. కొండలు చుట్టును మూసికొనియుండుటచే సూర్యుడు వేళకు ముందే మఱుగగును; రాతిశిఖరములమీద ఇంకను బంగారుకాంతి నిలిచియుండగనే క్రింద పచ్చికమీద విద్యుద్దీపములు వెలుగును. మగ్రిబ్ నమాజునకు పిలుపు వినబడినంతనే వచ్చినవారిలో పెక్కుమంది లేచిపోయి, ప్రార్థన ముగించుకొని, తెల్లని కందూరాలు సవరించుకొనుచు తిరిగి వచ్చి కూర్చుందురు. పిడి లేని చిన్న కప్పులలో ఏలకుల వాసన గుబాళించు అరబ్బు కాఫీ, దానితో రెండు ఖర్జూరములు చేతులు మాఱుచుండును. ఒక మూల యువకులు డప్పు వాయించుచు, ఒకడు ఎత్తుకొన్న పాటకు చప్పట్లతో వంత పాడుదురు. గోలు పడిన క్షణమున ఆ కేక కొండలకు తగిలి తిరిగివచ్చును. ప్రేక్షకులు వేలసంఖ్యలో నుండరు. కాని మైదానములో ఆడు స్థానిక బాలుడు ఎవరి కుమారుడో, ఎవరి మేనల్లుడో చూచువారికి తెలియును. మహానగరపు క్రీడాంగణములలో ఎంత ద్రవ్యము పోసినను దొరకని బంధమది.

ఇట్టి ఊరిక్లబ్బుల బలమేమో మన తెలుగువారికి స్పష్టముగా తెలియవలెనన్నచో హైదరాబాదు చరిత్రను ఒకమాఱు స్మరింపవలెను. ఉపాధ్యాయవృత్తినుండి వచ్చి హైదరాబాదు నగర పోలీసు జట్టు శిక్షణభారమును స్వీకరించిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి చేతిలో ఆ జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదుమాఱులు రోవర్స్ కప్పును గెలిచినది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానమునందినది. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణము సాధించినది. సికింద్రాబాదు బిడ్డడైన తులసీదాస్ బలరామ్ ఆ కాలపు మేటి వీరులలో నొకడు. ఆనాటికి సమాఖ్య అను ఈ దేశమే పుట్టలేదు. అట్టి మనము 2019 జనవరి 10వ తేదీన అబూదాబిలో జరిగిన ఆసియా కప్పు పోటీలో ఈ దేశపు జట్టుచేతిలో 2–0 తేడాతో ఓడితిమి. ఇరువది లక్షలకు లోపు జనసంఖ్యతోనే ఈ దేశము 1990లో ఇటలీలో జరిగిన ప్రపంచ కప్పునకు అర్హత సంపాదించినది. మన దేశము ప్రపంచ కప్పులో నేటివఱకు ఒక్కమాఱైనను ఆడలేదు.

ఈ తారుమాఱునకు కారణములు పెక్కులుండవచ్చును. నా అభిప్రాయమున ముఖ్యమైనది ఒకటి. హైదరాబాదు జట్లు ఉద్యోగములను ఆశ్రయించి బ్రదికినవి. పోలీసుశాఖ, బ్యాంకు, విద్యుచ్ఛక్తి సంస్థ, ఇవి ఆటగానికి కొలువిచ్చినంతకాలము జట్టున్నది. కొలువులు తగ్గినంతనే జట్టు చిక్కిపోయినది. తరువాత వ్యాపారసంస్థల పెట్టుబడితో 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సి జట్టు 2022 మార్చిలో గోవాలో ఇండియన్ సూపర్ లీగు విజేతగా నిలిచి మనలను మురిపించినది. యజమానులు మాఱగా 2025లో అదే జట్టు ఢిల్లీకి తరలిపోయి, పేరును సైతము మార్చుకొన్నది. మనలను గర్వింపజేసిన జట్టు మన ఊరు విడిచిపోయినప్పుడు దానిని ఆపగల హక్కు ఊరిలో ఎవరికిని లేకపోయెను. హత్తా జట్టు ఎన్నిమాఱులు దిగిపోయినను హత్తాను విడిచి పోజాలదు. అది ఆ నేలది. ఇంగ్లండులో 1857లో పుట్టి, లోకములోని ఫుట్‌బాల్ క్లబ్బులలో కెల్ల ప్రాచీనమని పేరొందిన షెఫీల్డు క్లబ్బు నేటికిని పెద్ద లీగులకు వెలుపల చిన్న పోటీలలోనే ఆడుచున్నది; ఐనను 160 ఏండ్లకు పైగా జీవించియున్నది. ఊరిని అంటిపెట్టుకొన్న క్లబ్బు ఓడినను చావదు.

ఈ ఎమిరేటులలో పుట్టి పెరుగుచున్న మన పిల్లలకు ఒక శుభవార్తయు కలదు. ఇటీవలి సంవత్సరములలో ఈ దేశపు క్రీడానియమములు సడలి, పౌరసత్వము లేకున్నను ఇచ్చట జన్మించిన బాలురకు స్థానిక పోటీలలో ఆడు అవకాశము ఏర్పడినది. క్రికెట్టు బ్యాటు పట్టిన చేతిని నేను వద్దనను. కాని సాయంకాలమున పిల్లవానిని ఒకమాఱు సమీపపు క్లబ్బు మైదానమునకు తీసికొనిపోయి చూపుడని తల్లిదండ్రులను వేడుకొనుచున్నాను.

రెండవ విన్నపము పెద్దలకు. జగిత్యాలనుండి, నిజామాబాదునుండి, కరీంనగరమునుండి, కడపనుండి, కోనసీమనుండి వచ్చి ఈ ఎండలలో కష్టించిన మనవారు తమ ఊళ్లలో గుడులు కట్టించుచున్నారు, స్వాగతతోరణములు నిలుపుచున్నారు, బడులకు గదులు వేయించుచున్నారు. అవి యన్నియు పుణ్యకార్యములే. వానితోపాటు ఊరికొక ఆటస్థలమును గూర్చియు ఆలోచింపుడు. సంపూర్ణమైన ఫుట్‌బాల్ మైదానము పొడవు 105 మీటర్లు, వెడల్పు 68 మీటర్లు; రెండెకరములలో ఇముడును. ఆ రెండెకరములు ఏ ఒక్కరి పేరనో కాక ఊరి పేరనే రిజిస్టరు కావలెను, నాలుగు దీపస్తంభములు, ఒక మంచినీటి కుళాయి, ఒక శిక్షకుని జీతము ఏర్పాటు కావలెను. 2031లో హత్తా క్లబ్బునకు స్వర్ణోత్సవము వచ్చును. ఆ లోపల మన జిల్లాలలో పది ఊళ్లైనను ఈ పని చేసి చూపవలెనని ఈ సంచిక చదివిన ప్రతియొక్కరిని ప్రార్థించుచున్నాను.