మూడుసార్లు అడిగితే గానీ రాని మౌత్

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే మా ఆపా పోయిన నెల ఫోన్ చేసి ఒకటే గోల. పదహారేళ్ల మా భాంజా ప్రతి ఆదివారం ఎల్బీ నగర్‌లో దోస్తు ఇంటికెళ్లి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆడతాడు. అందులో చచ్చినవాణ్ణి మళ్లీ బతికిస్తారట. "మరణించినవాళ్లను లేపడం అల్లా పని. ఇదేం ఆట?" అంది. దూల్హాభాయ్ ఇంతెకాల్ అయ్యి ఇంకా ఏడాది కాలేదు. ఆమె గుబులు ఆట గురించి మాత్రమే కాదని నాకు అర్థమైంది.

వాడితో కలిసి మెట్రో ఎక్కాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మూడో స్టేషనే ఎల్బీ నగర్.

ఈ ఆట 1974లో అమెరికాలో పుట్టింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారు చేశారు. చచ్చినవాణ్ణి లేపే మంత్రం మొదటి పుస్తకాల్లోనే ఉంది. 2014 నాటి ఖాయిదా ప్రకారం, పడిపోయిన కిర్దార్ కోసం ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పది, ఆపైన మూడుసార్లు పడితే ప్రాణం నిలుస్తుంది. అంతకు తక్కువ మూడుసార్లు పడితే మౌత్. తిరిగి లేపాలంటే 500 బంగారు నాణేల వజ్రం ఖర్చవుతుంది. పైగా రూహ్ రాజీ కావాలి.

వింటుంటే నాకు మన దాస్తాన్‌లు గుర్తొచ్చాయి. ఆట వాటి నుంచి పుట్టిందని అనడం లేదు. కానీ మౌత్‌కి షరతులు పెట్టే ఖిస్సాలు మన షహర్‌కి కొత్త కాదు. 1612 ప్రాంతంలో హాజీ ఖిస్సాఖ్వాన్ హమదానీ అనే కథకుడు అమీర్ హమ్జా ఖిస్సా ప్రతులు పట్టుకుని హైదరాబాద్ వచ్చాడు. గోల్కొండ దర్బార్ హుకుం మీద వాటి సారాంశం 'జుబ్దతుర్ రుమూజ్' రాశాడు. తర్వాత 1883 నుంచి లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్ 'తిలిస్మె హోష్‌రుబా' అచ్చు వేసింది. మొదటి నాలుగు జిల్దులు ముహమ్మద్ హుసేన్ జాహ్‌వి, మిగతావి అహ్మద్ హుసేన్ ఖమర్‌వి. అందులో జాదూగర్ చస్తే చీకటి కమ్ముకుంటుంది, తుఫాను లేస్తుంది, చచ్చింది ఫలానావాడని ఓ గొంతు పేరు చెబుతుంది. జంబీల్ సంచీ మోసే అమర్ అయ్యార్‌కి మరో షరతు: తానే మూడుసార్లు మౌత్‌ని కోరితే తప్ప అది రాదు.

మరి హమ్జా? ఆయన చరిత్రలోని మనిషి, మన ప్రవక్త (స) బాబాయి. క్రీ.శ. 625లో ఉహుద్ యుద్ధంలో షహీద్ అయ్యారు. దాస్తాన్ ఆయన్ని దేవ్‌లు, పరీలు ఉండే కోహెఖాఫ్ దాకా తిప్పింది. చివరికి ఉహుద్‌కే తీసుకొచ్చింది. అంత జాదూ చేతిలో ఉన్నా ఆ షహాదత్‌ని మాత్రం చెరపలేదు.

ఆ సాయంత్రం మా భాంజా సిపాయికి మూడు పాచికలూ ఎదురుతిరిగాయి. దోస్తులు తమ నాణేలన్నీ కలిపి వజ్రం కొన్నారు. వాడు తల అడ్డంగా ఊపాడు. "వీడి రూహ్ రాజీ కాదు" అన్నాడు.

మెట్రోలో కారణం అడిగాను.

"అబ్బాకి లేని మౌఖా వీడికెందుకు, మామూ?"

ఇంటికొచ్చాక ఆపాకి అంతా చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. మరుసటి ఆదివారం డబ్బాలో వాడి దోస్తులకి కూడా లుఖ్మీలు పెట్టి పంపింది.