ఊపిరికి కావలి కాచిన రూపాబాయి

ఇబ్రహీంపట్నమున బస్సెక్కి, సాగరు రహదారిన దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాటి, చాదర్‌ఘాట్ మీదుగా కోఠి ప్రసూతి ఆసుపత్రికి పోవు మన పల్లెల గర్భిణులలో, ఆ పరిసరములలోనే ఒకనాడు డాక్టరు రూపాబాయి ఫర్దూన్జీ వైద్యవృత్తి సాగించినదని ఎరిగినవారు అరుదు.

హైదరాబాదున 1846లో వైద్యపాఠశాల వెలసినను, దానిలో స్త్రీలు అడుగిడుటకు దాదాపు నలువదేండ్లు పట్టినది. పరదా పాటించు ఇల్లాండ్రు పరపురుషునకు దేహమును చూపలేక, స్త్రీ వైద్యులు లేక, వ్యాధిని లోలోపలనే దాచుకొని కృశించిన కాలమది. మద్రాసు వైద్యకళాశాల 1875లోనే స్త్రీలను చేర్చుకొన్నది. ఇచ్చట 1885లో, రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ ప్రోత్సాహమున చేరిన ఐదుగురు స్త్రీలలో పార్సీ కన్య రూపాబాయి ఒకతె. 1889లో ఆమె హకీము అను వైద్యపట్టా పొందెను.

ఆ ఏటనే నిజాము మహబూబ్ అలీఖాన్ ద్రవ్యసహాయముతో, మత్తుమందగు క్లోరోఫారమును పరీక్షించు రెండవ క్లోరోఫారము కమిషను హైదరాబాదున పరిశోధనలు జరిపెను. మత్తులో మరణము సంభవించునప్పుడు ముందుగా ఆగునది గుండెయా, శ్వాసయా యను వివాదము నాడు వైద్యలోకమును కలచివేయుచుండెను. శ్వాసయేనని లారీ వాదము. కావున మత్తునిచ్చువారు నాడి పట్టుకొని కూర్చుండక, గుడ్డ గరాటుపై మందు బొట్లు బొట్లుగా విడుచుచు, రోగి ఉదరము లేచిపడు తీరును, ముక్కున గాలి ఆడు సవ్వడిని రెప్పవాల్చక గమనింపవలెనని ఆయన బోధించెను. క్లోరోఫారము గుండెను సైతము నేరుగా ఆపగలదని తరువాతి పరిశోధనలు తేల్చినవి. అట్టి మందును 1889 మొదలు 1917 వరకు చేతబట్టి రూపాబాయి రోగుల ప్రాణములకు కావలి కాచెను. కత్తి పట్టినవానికి దక్కు కీర్తి మత్తునిచ్చినవారికి నేటికిని దక్కదు. ఇది నాకు అన్యాయముగనే తోచును.

మత్తువైద్యమునకు ప్రత్యేకమైన పట్టా లేని ఆ దినములలో, అనీబిసెంటు ప్రోత్సాహమున 1909లో సముద్రము దాటి ఎడింబరో చేరి, తన వృత్తికి ఆధారభూతములైన భౌతిక, రసాయన శాస్త్రములను ఆమె అభ్యసించెను. ఉద్యోగమున స్థిరపడి ఇరువదేండ్లు గడచిన పిమ్మట మరల విద్యార్థినియగుట సామాన్యమైన పట్టుదల కాదు. చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటుగా 1920లో ఆమె పదవీవిరమణ చేసెను.

ప్రపంచమున తొలి మహిళా మత్తువైద్యురాలిగా పలువురు పేర్కొను ఈ వనిత మనకు ఒక్క బస్సు దూరమున పనిచేసినది. ఇబ్రహీంపట్నం కళాశాలలలో బైపీసీ బోధించు అధ్యాపకులు తమ విద్యార్థినులకు ఈమె చరిత్రను చెప్పవలెనని నా మనవి.