ఒకేషనల్ వైపు పిల్లలెందుకు రాలేదు

చేతిపనంటే మనవాళ్లకు చిన్నచూపు, అందుకే వృత్తి చదువులు నిలదొక్కుకోలేదు అనడం మనకు అలవాటైపోయింది. పాత రికార్డును ఓపిగ్గా తిరగేస్తే ఆ మాట నిలవదు. పిల్లలు పనిని చూసి వెనకాడలేదు, ఆ దారిన పోతే మళ్లీ పైచదువుకు తలుపు ఉండదని పసిగట్టి వెనకాడారు. 1882లో విలియం హంటర్ అధ్యక్షతన ఏర్పడిన విద్యా కమిషన్ హైస్కూలు పై తరగతులను రెండు పాయలుగా చీల్చమంది. ఒకటి యూనివర్సిటీ ప్రవేశ పరీక్షకు, రెండోది వ్యాపారానికీ ఇతర పనులకూ. రెండోదాంట్లో చేరినవాళ్లు బహు కొద్దిమంది. కచేరీలో గుమాస్తా కొలువుకు కూడా మెట్రిక్యులేషనే అడుగుతుంటే ఎవరు చేరతారు? ఘనాలో బడి చదువులను పరిశీలించిన ఫిలిప్ ఫాస్టర్ 1965లో తేల్చింది కూడా ఇదే. పిల్లల కోరికలను మలిచేది సిలబస్ కాదు, బయట దొరికే జీతం. ఆ లెక్కన అక్కడ జీతమిచ్చే కొలువుకు చేర్చిన మామూలు చదువే అసలైన వృత్తి విద్య!

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఇదే కథ నడిచింది. మొదలియార్ కమిషన్ (1952-53) బహుళార్థసాధక పాఠశాలలన్నది, కొఠారీ కమిషన్ (1964-66) పై తరగతుల్లో వృత్తి విద్యకు పెద్దపీట వేయమంది. 1986 జాతీయ విద్యా విధానమైతే ప్లస్ టూ విద్యార్థుల్లో 1990కల్లా 10 శాతం, 1995కల్లా 25 శాతం వృత్తి కోర్సుల్లో ఉండాలని గీత గీసింది. అది కుదరకపోయేసరికి 1992లో గడువులను 1995కూ 2000కూ జరిపారు. 25 శాతం దరిదాపులకు అప్పుడూ చేరలేదు. గడువు జరిపినంత తేలిగ్గా కొలువుల నిబంధనలు జరపలేదు మరి. 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని 1986లో సవరించి ఒకేషనల్ పాసైనవాళ్లకూ చోటివ్వడం మాత్రం సరైన దిశలో వేసిన అడుగు.

తెలుగు నేల మీద ఇంటర్ ఒకేషనల్ కథలో అందరూ తక్కువగా చూసేదీ, నాకు అన్నింటికన్నా విలువైనదిగా కనిపించేదీ బ్రిడ్జి కోర్సు. ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్) చదివే అమ్మాయి గాజు స్లైడు మీద రక్తపు చుక్క వేసి, మరో స్లైడును ఏటవాలుగా ఆనించి, ఒక్క ఊపులో ముందుకు నెడుతుంది. పొర మందమైతే కణాలు ఒకదాని మీద ఒకటి పడి లెక్కకు అందవు. ఆ పొర ఆరాక లీష్‌మన్ రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడుతుంది. చేతికి ఈ ఒడుపు వచ్చేదాకా ఎన్నో స్లైడులు పాడుచేయాలి. ఇంత నేర్చిన అమ్మాయి మరికొన్ని సైన్సు పేపర్లు బ్రిడ్జి కోర్సుగా రాస్తే బైపీసీ వాళ్లతో పాటు పైచదువుకు పోవచ్చు. 1882లో మూసుకున్న తలుపు ఇక్కడ కొంతైనా తెరుచుకుంది.

అందరూ కాలేజీకే పోతే ల్యాబులో పని చేసేదెవరు, కోర్సు ఉద్దేశమే దెబ్బతినదా అని అడుగుతారు. నిజమే, కొందరు వెళ్లిపోతారు. కానీ దారి మూసి ఉంచిన శతాబ్దంలో ల్యాబుకు వచ్చినవాళ్లు పెరిగారా? బయటపడే వీలుందంటేనే లోపలికి రావడానికి ధైర్యం. రెండో అభ్యంతరం ఇంకా బరువైంది: వృత్తి విద్య పేదపిల్లల్నీ కింది కులాలవాళ్లనీ వాళ్ల చోటనే ఉంచే ఎత్తుగడ అని. దీన్ని తోసిపుచ్చలేం. ఆంధ్ర విడిపోయిన 1953లోనే మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ గ్రామీణ ప్రాథమిక బడుల వేళలు తగ్గించి, మిగతా పొద్దు పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలన్నారు. కులవృత్తిని కొడుక్కి కట్టబెట్టే పథకమని ఉద్యమం లేచింది, 1954లో కామరాజ్ దాన్ని రద్దు చేశారు. అక్కడ తప్పు పని నేర్పడంలో లేదు, ఏ పనో పుట్టుకే నిర్ణయించడంలో ఉంది. ఒకేషనల్ గ్రూపును విద్యార్థి తానే ఎంచుకున్నప్పుడు, వద్దనుకుంటే బయటికి దారి ఉన్నప్పుడు ఆ విమర్శ పదును తగ్గుతుంది. మార్కులు తక్కువొచ్చినవాళ్లను అటు తోసేసే చోట మాత్రం ఆ పదును అలాగే ఉంటుంది.

2020 జాతీయ విద్యా విధానం పిల్లల్ని వేరే పాయలోకి మళ్లించే లెక్క మానేసి, 2025కల్లా కనీసం సగం మందికి వృత్తి విద్య పరిచయం కావాలంది. హంటర్ గీసిన గీతను చెరిపే ప్రయత్నంగా ఇది మంచిదే. అయితే స్లైడు మీద పొర సరిగ్గా పరవడం పరిచయంతో వచ్చే పని కాదు. ల్యాబుకు కావలసింది రెండేళ్లు కుదురుగా నేర్చిన చెయ్యి, ఆ చేతికి బైపీసీ పిల్లలతో సమానమైన సర్టిఫికెట్టు.