పేరు పరాధీనం, ప్రాణం స్వాధీనం

ఒక కృతికి పేరు ప్రధానమా, ప్రాణం ప్రధానమా? ఇది కావ్యచర్చలకే పరిమితమైన ప్రశ్న కాదు. వీడియో గేముల చరిత్రలోనూ ఎదురవుతుంది. పాత గేము పేరునూ పాత్రలనూ ముట్టకుండా, దాని తత్త్వాన్ని మాత్రమే గ్రహించి కొత్తగా నిర్మించిన గేములు కొన్ని ఉన్నాయి. వాటిలో సుప్రసిద్ధమైన ఒకదాని కథ ఇది.

1988లో అమెరికాలోని ఇంటర్‌ప్లే సంస్థ 'వేస్ట్‌ల్యాండ్' అనే గేమును రూపొందించింది. సంస్థకు సారథి బ్రయన్ ఫార్గో. ప్రచురణకర్త ఎలక్ట్రానిక్ ఆర్ట్స్. అణుయుద్ధంలో లోకం ధ్వంసమైన పిమ్మట, ఎడారిలో మిగిలిన జనులకు రక్షకులుగా నిలిచిన రేంజర్ల కథ అది. నాటి ఫ్లాపీ డిస్కులలో చోటు స్వల్పం. అందుచేత కథాభాగాలను విడిగా అచ్చువేసి, ఫలానా సంఖ్యగల పేరా చదువుకొమ్మని ఆటలో సూచించేవారు. తొందరపడి ముందే పుటలు తిరగవేసే వారిని దారి తప్పించడానికి బూటకపు పేరాలను కూడా చేర్చారు!

గేము ఆదరణ పొందింది. కాని పేరు మీది హక్కు ప్రచురణకర్త వద్దనే ఉండిపోయింది. ఆ పేరుతో రెండవభాగం నిర్మించే అవకాశం ఇంటర్‌ప్లేకు లేకపోయింది. 1997లో ఆ సంస్థ నుండే 'ఫాలౌట్' వెలువడింది. కథ వేరు, ఊళ్ళు వేరు, పాత్రలు వేరు. భూగర్భంలో తలదాచుకొన్న ప్రజలకు నీటిని శుద్ధిచేసే యంత్రభాగం పాడైపోగా, దానికి బదులు వెదకుతూ ఒక్క మనిషి బయటికి వస్తాడు. అయితే అణుయుద్ధానంతర లోకం, చిక్కును బలంతోనో మాటనేర్పుతోనో విప్పుకొనే స్వేచ్ఛ, చేసిన పనికి ఫలం అనుభవించక తప్పని నియమం – ఇవన్నీ పాతగేము ప్రాణమే.

విధివిలాసం చూడండి. 2007లో ఆ ఫాలౌట్ హక్కులు సైతం బెథెస్డా సంస్థకు అమ్ముడుపోయాయి. అంతకుముందే, 2002లో, ఇంటర్‌ప్లేను వీడిన ఫార్గో 'ఇన్‌ఎక్సైల్' అనే సంస్థను స్థాపించి, వేస్ట్‌ల్యాండ్ పేరును సంపాదించుకొన్నాడు. 2012లో అభిమానులను 9 లక్షల డాలర్లు అర్థించగా, 61 వేలకు పైగా జనం 29 లక్షలకు మించి ఇచ్చారు. 'వేస్ట్‌ల్యాండ్ 2' 2014లో వచ్చింది. తన కృతికి తానే ఉత్తరభాగం సమకూర్చడానికి 26 సంవత్సరాలు పట్టింది! 2018లో ఇన్‌ఎక్సైల్‌నూ, 2021లో బెథెస్డా మాతృసంస్థనూ మైక్రోసాఫ్ట్ కొన్నది. పేరు కారణంగా వేరుపడిన రెండు శాఖలూ చివరకు ఒకే యజమాని ఇంట చేరాయి.

నన్నయ విడిచిన అరణ్యపర్వశేషాన్ని ఎర్రన పూరించి, రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు. ఆయనకు అడ్డుపడే హక్కుపత్రం ఏదీ లేదు. కృతి అమ్ముడుపోయే సరుకైన కాలంలో కర్తకు ఆ సౌలభ్యం లేదు. హక్కు ఉండవలసిందే, అది లేకుంటే పెట్టుబడి పెట్టేవారే ఉండరు. కాని పుట్టించినవానికి తన బిడ్డను పేరుపెట్టి పిలిచే అధికారమైనా మిగలకపోవడం న్యాయమేనా? విజ్ఞులు ఆలోచించాలి.