గంజాము తెలుగువారి చిన్న సంతోషములు

1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా నేర్పడినది. నాటివరకు చెన్నరాజధానిలోని గంజాము జిల్లాకు చెందియుండిన బరంపురము, ఛత్రపురము, ఆస్కా ప్రాంతము లందు చేరినవి. ఇచ్ఛాపురము, సోంపేట, టెక్కలి విశాఖపట్టణము జిల్లాలో కలిసి, 1950లో శ్రీకాకుళము జిల్లా యేర్పడగా దానిలో భాగములైనవి. బరంపురమునకు ఇచ్ఛాపురము సుమారు 25 కిలోమీటర్ల దూరము మాత్రమే. నడుమ గీచిన గీత కిటు మనము నిలిచితిమి. అటు మన మేనమామలును వియ్యంకులును నిలిచిరి.

ఈ విభజనను గూర్చి మన పెద్దలు వాదించినదియు వ్రాసినదియు చాల గలదు. 1894లో బరంపురమున జన్మించిన వరాహగిరి వేంకటగిరిగారు 1969లో రాష్ట్రపతి పదవి నలంకరించిరని చెప్పుకొని గర్వించుటయు మనకు పరిపాటి. కాని అట్టి ఘనకార్యము లెన్నడో గాని జరుగవు. దినదినము మనలను మనముగా నిలిపినవి చిన్న సంతోషములు. వానికిని చరిత్ర గలదు.

మొదట మొగలిపూవును తలచుకొందము. గంజాము తీరమున పొలముగట్ల మీదను కాలువయొడ్డులను మొగలిపొదలు కంచెవలె పెరుగును. మగపూవునకే పరిమళము. వానకాలమున వేకువనే కోసిన పూలను రాగిపాత్రలలో నీటితో కాచి, ఆ యావిరిని చల్లార్చి అత్తరు దింపుదురు. మిఠాయిలకును సుగంధద్రవ్యములకును అది దేశమంతట పోవును. వర్తకునికి మొగలి సరకు. మన యాడుబిడ్డలకు జడలో మడిచి పెట్టుకొను రేకు. వాడిన రేకును సయితము పారవేయక అమ్మమ్మలు పట్టుచీరల మడతలలో దాచుదురు. పెట్టె తెరచినపుడెల్ల గడచిన శ్రావణమాసము మరల వచ్చినట్లుండును.

ఆ పెట్టెలోని చీరయు మన చేతిపనియే. మహురి ప్రభువుల కాలమున దక్షిణమునుండి వచ్చిరని చెప్పబడు దేవాంగులు బరంపురమును పట్టునకు పేరుపొందిన పట్టణముగా జేసిరి. గుడిగోపురములవంటి కుంభముల యంచుగల ఆ పట్టునకు 2012లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది.

ఈ నేతవారి వీధిలోనే పట్టణపు పెద్ద పండుగ పుట్టినది. రెండేండ్ల కొకమారు చైత్రమాసమున బుఢీ ఠాకురాణీ యాత్ర జరుగును. అమ్మవారు గుడి విడిచి దేశిబెహెరా వీధిలోని తాత్కాలిక మందిరమున కొలువుండును. నేతవారి కులపెద్దయగు దేశిబెహెరా ఆమెకు తండ్రివంటివాడు. ఆమె పుట్టింటికి వచ్చిన ఆడపడుచు. రాత్రులందు ఘటములు తలనిడుకొని స్త్రీలు వీధివీధి తిరుగుదురు. మ్రొక్కుబడికి పులివేషములు కట్టుదురు. ఒరియావారును మనమును భేదము లేక ఆ వెనుక నడతుము. కూతురు పుట్టింటికి వచ్చినపుడు తల్లిదండ్రులకు గలుగు సామాన్యమైన సంతోషమే యొక పట్టణమునకంతటికి మహోత్సవమైనది!

ఇక వంటయింటి సంగతి. బరంపురపు అప్పడములకును ఊరగాయలకును ఒడిశాయం దంతట పేరు గలదు. ఎండకాలమున మేడమీద అప్పడములు పరచినపుడు కాకులను తోలుటకు కూర్చుండిన పిల్లవానికి నూనె రాచిన పిండియుండ యొకటి కూలిగా దొరకును. దానిముందు ఏ మిఠాయియు నిలువదు. మన చద్దన్నమును ఒరియావారు పఖాళ మందురు; పేరు వేఱైనను, మండువేసవి మధ్యాహ్నమున అది కలిగించు చల్లదన మొక్కటియే.

వీని నింతగా తలచుకొనుటకు కారణము గలదు. మాతృభాషయందు ప్రాథమికవిద్యకు వీలు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఏ అధికరణము చేర్చిరి. కాని శాసనము బడిని జూపునేగాని బిడ్డను బడికి గొనిపోజాలదు. మన యిండ్ల బిడ్డలు పెక్కుమంది ఒరియాయు ఇంగ్లీషును చక్కగా జదివి, తెలుగక్షరములు గుర్తింపజాలకున్నారు. అయినను "అప్పడము", "మాగాయ", "మొగలిరేకు" అను మాటలు వారి నోట నిలిచియున్నవి. ఎందుచేత? ఆ మాటలు పుస్తకమునుండి రాలేదు, సంతోషమునుండి వచ్చినవి. అట్లని నిశ్చింతగా నుండరాదు. అప్పడములు అంగడినుండి వచ్చు నింట పిండియుండ యుండదు. వస్తువు పోయినపిమ్మట దాని పేరును పోవును. సభలు పెట్టి తెలుగు బ్రదుకవలెనని పలికినంతమాత్రమున ఆ పేరు మరలి రాదు.

కావున మన కుటుంబములకు మేము చేయు మనవి యొక్కటే. రాబోవు వేసవిలో మాగాయ పెట్టినపుడు, జాడీమీద అతికించు కాగితముపై ఆ పేరు తెలుగక్షరములలో ఇంటిలోని చిన్నబిడ్డచేత వ్రాయింపుడు. అక్షరములు వంకరబోయినను దిద్దవద్దు. ఏడాది పొడుగున అన్నము కలుపుకొను ప్రతిమారును ఆ బిడ్డ తాను వ్రాసిన తెలుగును తానే చదువుకొనును.