మూసుకోవడం తెలియని తలుపు

యూనిక్స్‌లో ఒకప్పుడు కేమెమ్ అనే ఫైలు ఉండేది. పేరుకు ఫైలే గాని, దాని వెనక ఉన్నది కెర్నల్ మెమరీ మొత్తం. చదివే హక్కున్నవాడు ఏ అడ్రసు చెప్పినా అక్కడి బైట్లు తీసి చేతిలో పెట్టేది. ఎందుకని అడిగేది కాదు. దాని గొప్పా అదే, చావూ అదే.

బర్క్‌లీ యూనిక్స్ రోజుల్లో పీఎస్ కమాండు కొట్టారనుకోండి. ఏయే ప్రాసెస్‌లు నడుస్తున్నాయని కెర్నల్‌ను మర్యాదగా అడిగే దారి దానికి లేదు. ముందు వీఎంయూనిక్స్ అనే కెర్నల్ ఫైలు తెరిచి, ప్రాసెస్‌ల పట్టిక మెమరీలో ఎక్కడుందో వెతుక్కునేది. ఆ అడ్రసు పట్టుకుని కేమెమ్‌లోకి దిగి, పచ్చి బైట్లు తోడుకొచ్చి, ఇక్కణ్ణుంచి ప్రాసెస్ నంబరు, అక్కణ్ణుంచి యజమాని అని తనకు తెలిసిన లెక్కతో విడగొట్టుకునేది. 1984లో విలియం లెఫెవర్ రాసిన టాప్‌ అనే ప్రోగ్రాం కూడా ఈ బావిలోనే నీళ్లు తోడుకుంది.

ఆ లెక్క కంపైల్ చేసిన నాటిది. ఆ తర్వాత ఎవరైనా కెర్నల్‌లో ఆ పట్టికకు ఒక్క గడి చేర్చి మళ్లీ కట్టారా, వరుసలన్నీ పక్కకు జరిగిపోయేవి. తెరమీద ప్రాసెస్‌ల పేర్లు పిచ్చి గీతలు, యజమానులు ఊరూ పేరూ లేనివాళ్లు. యంత్రం మాత్రం శుభ్రంగా నడుస్తూనే ఉండేది! పీఎస్‌ను తప్పుపట్టి లాభం లేదు. పరాయి వంటింట్లో ఏ డబ్బా ఏ అరలో ఉందో బట్టీపట్టినవాడు, ఇల్లాలు అరలు సర్దుకున్న మర్నాడు పప్పులో పంచదార వేయక ఏం చేస్తాడు?

అది చిన్న తంటా. ఇంటి గుట్టు లంకకు చేటన్నారు, అసలు చేటు అక్కడుంది. టెర్మినల్ దగ్గర కొట్టిన పాస్‌వర్డు కూడా కాసేపు కెర్నల్ మెమరీలోనే ఉంటుంది. అందుకని కేమెమ్ పేరుతోనే ఒక గ్రూపు పెట్టి, పీఎస్, టాప్ లాంటి ప్రోగ్రాంలకు మాత్రం ఆ హక్కు ఇచ్చారు. ఇక వాటిలో ఏ ఒక్కటి కాలుజారినా తాళంచెవి వీధిలో పడ్డట్టే. 2000లో పడనే పడింది. ఫ్రీబీఎస్‌డీ టాప్‌లోని ఒక ఫార్మాట్ స్ట్రింగ్ లోపంతో మామూలు యూజర్ కూడా కెర్నల్ మెమరీ చదవగలిగాడు. మరుసటి ఏడు లినక్స్‌లో సక్కిట్ అనే రూట్‌కిట్ పద్ధతి బయటికొచ్చింది. అది చదవడంతో ఆగలేదు. రూట్ చేజిక్కాక కేమెమ్ గుండా నడుస్తున్న కెర్నల్‌నే తిరగరాసి, తన ప్రాసెస్‌లను దాచేసింది. ఏ తలుపు పీఎస్‌కు చూపునిచ్చిందో ఆ తలుపులోంచే వచ్చి దాని కళ్లకు గంతలు కట్టింది.

టాప్ పుట్టిన 1984లోనే బెల్ ల్యాబ్స్‌లో టామ్ కిలియన్ మరో దారి వేశాడు. ప్రతి ప్రాసెస్‌నూ ఒక ఫైలుగా చూపే ప్రాక్ డైరెక్టరీ అది. దాన్ని ప్లాన్ 9 అనే ఆపరేటింగ్ సిస్టమ్ మనిషి చదవగలిగే అక్షరాల్లోకి తెచ్చింది, లినక్స్ అందుకుంది. 4.4 బీఎస్‌డీ 1993లో కెర్నల్‌ను నేరుగా అడిగే సిస్‌కంట్రోల్ అనే దారి తెచ్చింది. ఇప్పుడు కెర్నల్ తన అరలు ఎన్నిసార్లు సర్దుకున్నా అడిగినవాడికి గుమ్మం దగ్గరే జవాబు అందుతుంది. అది మంచిదే. ఒక్క బాధ మాత్రం నాకు పోదు. గుమ్మం దగ్గర దొరికేది కెర్నల్ చెప్పదలచుకున్నదే. కేమెమ్‌కు దాచడం చేతకాదు.

చివరి రోజుల్లో దాని గడప తొక్కినవాళ్లలో దొంగలే ఎక్కువ. పెద్ద డిస్ట్రిబ్యూషన్లు ఏళ్ల కిందటే దాన్ని మూసేశాయి. డేవిడ్ హిల్డెన్‌బ్రాండ్ పంపిన మార్పుతో 2021 జూన్‌లో వచ్చిన లినక్స్ 5.13లో అది పూర్తిగా పోయింది. పీఎస్‌కు చీమ కుట్టినట్టయినా లేదు.

మీది డెబియన్ యంత్రమైతే ఒకసారి గ్రూపుల ఫైలు తెరిచి చూడండి. 15వ నంబరు దగ్గర కేమెమ్ అన్న పేరు ఇంకా అలాగే ఉంది.