‘మా భూమి’: ఒకే పేరు, రెండు సనదులు

తెలంగాణా రైతాంగ పోరాటాన్ని గూర్చి ‘మా భూమి’ అన్న పేరుతో రెండు కృతులున్నవి. ఒకటి సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రచించిన నాటకం. రెండవది గౌతం ఘోష్ దర్శకత్వంలో 1980లో విడుదలైన చలనచిత్రం. పేరొకటే గనుక నాటకాన్నే సినిమాగా తీశారని పొరబడటం సులభం. కాని వాటి సనదులు వేరు.

నాటకానికి ప్రేరణ షేక్ బందగీ ఉదంతం. ఆయన జనగామ ప్రాంతపు కామారెడ్డిగూడెం రైతు. సొంత సోదరునితోనే భూమి తగాదా వచ్చింది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఆ సోదరుని పక్షం వహించాడు. బందగీ కర్ర పట్టలేదు, కోర్టుకెక్కాడు, గెలిచాడు. గెలిచినందుకే 1940లో దేశ్‌ముఖ్ మనుషులు ఆయనను హతమార్చారు. కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది 1946 జూలై 4న. సాయుధ పోరాటం ఆ తరువాతి మాట. అనగా బందగీ ఏ దళంలోనూ లేడు. నిజాం ప్రభుత్వపు న్యాయస్థానాన్నే నమ్ముకొన్న సామాన్య ముస్లిం రైతు ఆయన.

సినిమాకు మాతృక కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’. ఉరికంబమెక్కనున్న యువకుడు రాఘవరావు తన చివరి రాత్రి గడచిన జీవితాన్ని నెమరువేసుకుంటాడు. తెరపై ఆ పాత్ర రామయ్య అయినది. నవలలో అతనికి కళ్లు తెరిపించినవాడు మఖ్బూల్. ఆ పేరు చదవగానే హైదరాబాదు పాఠకునికి మఖ్దూం మొహియుద్దీన్ స్ఫురిస్తే ఆశ్చర్యం లేదు. అయినా మఖ్బూల్ కల్పిత పాత్రయే. ఇటువంటి సందిగ్ధత నవలకు బలమే గాని లోపం కాదు.

హదీసు విద్యార్థి మత్న్ చూసి మురిసిపోడు. రావీ ఎవరు, ఎవరి నుండి విన్నాడని ముందుగా అడుగుతాడు. కట్టుకథను హదీసు సరసన నిలపరాదు, నిజమే. కాని ఆ ప్రశ్న అడిగే అలవాటు ఇక్కడా పనికివస్తుంది. అడగనందువల్ల నష్టపోయినవాడు బందగీ. నాటకం పేరు సినిమాకు వచ్చింది గాని, కథానాయకునిగా బందగీ రాలేదు. ఇందులో కుట్ర ఏదీ లేదు. మాతృక మారింది, అంతే. అయితే సినిమా చూసి నాటకం కూడా తెలిసిందనుకొనేవారికి ఈ చరిత్రలో ముస్లిం అనగా ఒకవైపు రజాకారు, మరొకవైపు పట్నపు కామ్రేడు మాత్రమే మిగులుతారు. నాగలి పట్టిన ముస్లిం కనుమరుగవుతాడు. బందగీని సాయుధ వీరునిగా వర్ణించేవారు గాని, మతం కోసం చంపబడ్డాడనేవారు గాని ఆయనకు మేలు చేయడం లేదు. ఇరువురూ ఆయన గెలిచిన దావాను మరచిపోతున్నారు.

మోతె నుండి సూర్యాపేట మీదుగా జనగామ పోయేవారికి కామారెడ్డిగూడెం వద్ద బందగీ సమాధి కనిపిస్తుంది. అక్కడ ఉర్సు జరిపే ఆనవాయితీ ఉన్నది. హిందువులు, ముస్లిములు ఇరువురూ వస్తారు. ఉర్సును గూర్చి ఉలమాలలోని అభిప్రాయభేదం ఇక్కడ అప్రస్తుతం. ఆయనపై నవల వ్రాయదలచిన వారెవరైనా ఉంటే, నాటకం కంటే, సినిమా కంటే ముందు వెదకవలసినది ఆ దావా తీర్పును.